నవ్విస్తూనే దొంగను పట్టాలి

కాచిగూడ స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ, డిటెక్టివ్ నవల రాసి అచ్చులో చూసుకోవాలని కలలు కనేవాళ్లకు ఈ మాట. నెత్తురు చిందించకుండా, కడుపుబ్బ నవ్విస్తూ నేరపరిశోధన నడపవచ్చని మల్లాది వెంకట కృష్ణమూర్తి గారు ‘చంటబ్బాయ్’ నవలలో చూపించారు. 1986లో జంధ్యాల గారు దాన్ని సినిమాగా తీశారు; అందులో చిరంజీవి గారు డిటెక్టివ్ జేమ్స్ పాండ్ అయ్యారు.

ఇలా నవ్విస్తూ నేరకథ రాయడం తేలిక అంటే నేనొప్పుకోను. పాఠకుడు పకపకా నవ్వే క్షణంలోనే అసలు ఆధారం అతని కళ్లముందు పెట్టాలి: పోపులపెట్టెలో తాళంచెవి, ఇస్త్రీ పద్దులో ఒక చొక్కా ఎక్కువ. చివర్లో పేజీలు వెనక్కి తిప్పితే అది అక్కడే దొరకాలి. తార్నాక అపార్ట్‌మెంట్లలో, ఉస్మానియా హాస్టళ్లలో ఇలాంటి కథలకు కొదవా? ముందు దొంగెవరో తేల్చుకోండి. ఆఖరి అధ్యాయం రాసుకుని, అప్పుడు మొదటి పేజీకి రండి.