ఎవరు తప్పుకోవాలి?

శ్రీకాకుళం అనగానే అందరికీ ఉత్తరాంధ్రే గుర్తొస్తుంది. మాది కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. ఆ గుడి వీధిలోనే అద్దె సైకిలు మీద తొక్కడం నేర్చుకున్నాను. పరికిణీ చైన్లో ఇరుక్కుని పడితే దెబ్బ తగిలిందా అని ఎవరూ అడగలేదు. "ఆడపిల్లకి సైకిలేంటి, రేపు పెళ్ళెవరు చేసుకుంటారు" అన్నారు. ఆ మాట వినకుండా తొక్కాను. ఈ కథ ఎన్ని సభల్లో గొప్పగా చెప్పుకున్నానో లెక్కలేదు.

పోయినేడాది మా అక్క కూతురి సైకిలు మాన్పించింది మాత్రం నేనే.

2017లో ప్రభుత్వం "బడికొస్తా" పేరుతో ఆడపిల్లలకిచ్చిన సైకిలది. ముందు వాళ్ళక్క తొక్కింది, తర్వాత దీనికొచ్చింది. బడికి కరకట్ట మీదుగా వెళ్ళేది. ఇసుక తవ్వే రోజుల్లో కట్ట మీద లారీ వెనక లారీ. ఇరుకు రోడ్డు, తెగిపోయిన తారు అంచు, పక్కన వదులు మట్టి, ఆ కింద వాలు. లారీ దాటుతుంటే ఆ గాలికే సైకిలు ఊగుతుంది. కుడివైపు కూర్చునే డ్రైవరుకి, ఎడమ తలుపు పక్కనే ఉన్న సైకిలు కనిపించదు. ఒకరోజు పిల్ల మోచేతులు చీరుకుని వచ్చింది. లారీ తగల్లేదు. హారనుకి బెదిరి మట్టిలోకి దిగి పడింది. "రేపట్నించి ఆటోలో వెళ్ళు" అన్నాను.

"తప్పు లారీది కదా పిన్నీ, నా సైకిలెందుకు ఆపుతారు?"

ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు.

మా పెద్దవాళ్ళు చూపించిన భయం అబద్ధం. నేను చూపించింది నిజం. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది. అబద్ధపు భయాన్ని ఎదిరించడం మనకి తెలుసు, దాని మీద కథలు రాశాం, కవిత్వం రాశాం. నిజమైన భయం ఎదురైతే? వాళ్ళ మాటకీ నా మాటకీ ఫలితం ఒకటే, సైకిలు అరుగెక్కింది.

ఎవరు ఎవర్ని చంపగలరో వాళ్ళకే ఎక్కువ జాగ్రత్త ఉండాలి కదా. మనం దాన్ని తిరగేశాం. రాత్రిపూట ఆమె బయటికెందుకు వెళ్ళిందని అడిగేవాళ్ళ మీద కోప్పడతాను. ఈ పిల్ల ఆ రోడ్డు మీదెందుకని నేనే అడిగాను. పోలిక పూర్తిగా కుదరదని తెలుసు. డ్రైవరుకి దుర్బుద్ధేమీ లేదు, ట్రిప్పుకింతని కూలి. అతన్ని తొందరపెట్టేవాళ్ళు కట్ట మీద ఎప్పుడూ కనబడరు.

1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద నాలుగొందల మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ లేచిన ఉద్యమం తనకి "పిల్లల హత్య ఆపండి" అని పేరు పెట్టుకుంది. ప్రమాదం అనలేదు, హత్య అంది. పిల్లల్ని ఇళ్ళలో దాచకుండా, కార్లు రాకుండా వీధుల్ని అడ్డగించారు. మన మోటారు వాహనాల చట్టంలోనూ, 2019 సవరణ తర్వాత, వాహనం ఢీకొని మనిషి చనిపోతే తప్పెవరిదో రుజువు చేయనక్కర్లేకుండా 5 లక్షల పరిహారం ఇవ్వాలని ఉంది. పోయాక అడగని ప్రశ్నని బతికున్న పిల్లని అడుగుతున్నాం.

"బడి టైములో లారీలు ఆగొచ్చు కదా" అంది పాపే ఇంకోరోజు. పొద్దున గంట, సాయంత్రం గంట. అది మాకెవరికీ తట్టలేదు! ఆటో మాట్లాడుకున్నాం గానీ లారీల వాళ్ళతో మాట్లాడాలనే అనుకోలేదు. (ఆ ఆటోలో పదకొండు మంది పిల్లలు. దాన్ని భద్రత అంటున్నాం.) అక్కా నేనూ అర్జీ రాసి, తల్లుల చేత సంతకాలు పెట్టించి ఇచ్చాం. తీసుకున్నాయన చదివి, "ఆటో పెట్టారుగా అమ్మా, ఇంకేం" అన్నారు.

సైకిలు ఇంకా అరుగు మీదే ఉంది. మొన్న వెళ్ళినప్పుడు టైరు నొక్కి చూస్తే గాలి నిండుగా ఉంది. ఎవరు కొట్టించారని నేను అడగలేదు.