పాత్రమెరిగి సిరా

బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో పూర్వం ఒక తెలుగువాళ్ళ ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉండేది. మనుషుల మట్టుకు ఇది కథే. రంగుల లెక్కలు మాత్రం ఎవరైనా, ఏ మెషిన్ దగ్గరైనా సరిచూసుకోవచ్చు.

ఆ ఊళ్ళో తెలుగుకి రైలే ఆధారం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ షెడ్లలోకీ యార్డుల్లోకీ ఆఫీసుల్లోకీ ఉత్తరాంధ్ర జనం వచ్చి చేరుతూ ఉన్నారు. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. పిల్లలు బయట హిందీ మాట్లాడినా, పెళ్ళి కుదిరితే శుభలేఖ తెలుగులో పడాలి. దసరా వస్తే సంచిక తెలుగులో రావాలి. ఆ పనులతోనే ఈ ప్రెస్సు బతికేది.

మెషిన్ దగ్గర బొబ్బిలి వైపు పెద్దాయన ఒకడు. యజమాని కొడుకు ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాడు. కుర్రాడు కంప్యూటర్ మీద డిజైనింగ్ నేర్చుకుని కొత్తగా వచ్చాడు. చెయ్యి మంచిది, కన్ను మంచిది, పని మీద ప్రేమ ఉంది. ఆ ఏడు దసరా సంచిక ముఖచిత్రం తనే చేస్తానన్నాడు. నల్లటి రాత్రి, మధ్యలో వెండి కిరీటంతో దుర్గమ్మ, కింద తెల్లటి చిన్న అక్షరాల్లో లోపలి కథల పేర్లు. ముఖచిత్రానికి ఆర్ట్ పేపర్, లోపలి పేజీలకు న్యూస్‌ప్రింట్.

అమ్మవారి వెనక చీకటి ఎంత చిక్కగా ఉంటే ముఖం అంత వెలుగుతుందని అతని ఆలోచన. ఆలోచన తప్పు కాదు. ఆ చీకటి కోసం సయాన్ 100 శాతం, మెజెంటా 100, పసుపు 100, నలుపు 100 పెట్టాడు. స్క్రీన్ మీద అది అద్భుతంగా కనిపించింది.

ప్లేట్లు చూడగానే పెద్దాయన ఆగాడు. మామూలుగా నాలుగు ప్లేట్లలో నాలుగు వేరు వేరు బొమ్మలుంటాయి. ఇక్కడ నాలుగింటిలోనూ చీకటి ఒకేలా నిండి ఉంది.

“ఏటి బాబూ ఇది? నాలుగూ నిండుగా ఎట్టావు?”

“నలుపు లోతుగా రావాలి బాబాయ్. ఉన్నవన్నీ పెడితేనే గదా లోతు!”

పెద్దాయన యాభై షీట్లు తీసి, ఒక రాత్రి ఆరనిచ్చి చూద్దామన్నాడు. పండగ దగ్గరకొచ్చిందని కుర్రాడు మొత్తం కొట్టించేశాడు. మెషిన్ మీంచి దిగుతున్న షీట్లు నిగనిగలాడుతుంటే అతని ముఖమూ వెలిగింది.

రాత్రంతా వాన కురిసింది. పొద్దున దొంతర విప్పితే ప్రతి షీటు వీపు మీదా అమ్మవారి ముఖం అద్దంలో బొమ్మలా తిరగబడి అంటుకుని ఉంది. దొంతర అడుగున షీట్లు విడదీస్తే చిరిగాయి. వేలితో తాకితే వేలికి నలుపు.

కుర్రాడు ముందు ఇంకును అనుమానించాడు, డ్రయ్యర్ కలిపాడు. తర్వాత స్ప్రే పౌడర్ ఎక్కువ కొట్టించాడు. షీట్ల మీద చెయ్యి పెడితే గరగరలాడిందే గాని అంటుకోవడం తగ్గలేదు. చివరికి ఇంకు డక్టు స్క్రూలు బిగించి సిరా తగ్గించాడు. ఒక స్క్రూ తన వరసలో ఉన్న మొత్తానికీ సిరా తగ్గిస్తుంది. చీకటికి ఒకటి, ముఖానికి ఒకటి అని విడిగా ఉండవు. అందుకని చీకటి అలాగే జిగటగా ఉండిపోయింది, అదే వరసలో ఉన్న అమ్మవారి ముఖం మాత్రం పాలిపోయింది. ఫైల్లో జరిగిన పొరపాటును మెషిన్ మీద దిద్దబోతే తప్పు చేయని భాగానికే శిక్ష పడుతుంది. ప్రెస్సుల్లో సగం కీచులాటలు ఇక్కడే మొదలవుతాయి.

అప్పుడు పెద్దాయన మెషిన్ ఆపించి, ఒక షీటు బల్ల మీద పరిచి, కుర్రాడి చేతికి భూతద్దం ఇచ్చాడు.

“ఈ నలుపులో నీకు పసుపు కనబడతందా?”

“లేదు బాబాయ్.”

“మెజెంటా?”

“లేదు.”

“కంటికి కనబడనిది ఎవరి కోసం ఎట్టావు? కాగితానికి మాత్రం అది బరువే.”

నాలుగు వందలూ కలిపితే 400. మంచి ఆర్ట్ పేపర్ షీట్‌ఫెడ్ మెషిన్ మీద 300 నుంచి 330 దాకా ఓర్చుకుంటుంది. ఆర్ట్ పేపర్ మీద ఇంకు ముందు నూనె ఇంకి కుదురుకుని, ఆ తర్వాత గాలి తగిలి గట్టిపడాలి. కింది పొర కుదురుకోకముందే దాని మీద ఇంకో మూడు పొరలు పడితే గాలికి తావేది? వానాకాలం ఆ ఆలస్యాన్ని ఇంకా పెంచింది, అంతే.

“అయితే నలుపు ఒక్కటే పెట్టనా?”

“అదీ సాలదు. ఒక్క నలుపు బూడిదరంగు కొడతాది. కింద కొంచెం దన్ను ఉండాల.”

సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100. మొత్తం 240. సయాన్‌కు ఎక్కువ వంతు ఎందుకని కుర్రాడు అడిగాడు. మూడు రంగులూ సమానంగా కలిస్తే అచ్చులో బూడిదరంగు రాదు, గోధుమవన్నె వైపు జారుతుంది. సుమారు 50 సయాన్‌కి 40 మెజెంటా, 40 పసుపు పడితేనే తటస్థంగా నిలుస్తుంది.

తర్వాత కిరీటం దగ్గరకొచ్చారు. కుర్రాడు వెండివన్నెను దాదాపు మూడు రంగులతోనే అల్లాడు. మెషిన్ మీద మెజెంటా కాస్త ఎక్కువైనప్పుడల్లా కిరీటం గులాబీ రంగుకు తిరిగింది. మూడు రంగులు కలిసి మోసే ఆ బూడిదరంగు వంతును తగ్గించి నలుపుకు అప్పగించడాన్ని జీసీఆర్ అంటారు. ఫోటోషాప్‌లో దానికి లైట్, మీడియం, హెవీ అని మెట్లున్నాయి. కిరీటానికి అది పెంచారు. అమ్మవారి చెంపల దగ్గర మాత్రం పెద్దాయన వద్దన్నాడు. ఒంటి రంగు మెజెంటా, పసుపుల పుణ్యం; అక్కడ నలుపు చొరబడితే ముఖం మాసినట్టుంటుంది.

ఇక అక్షరాలు. నాలుగు ఇంకులు ఉన్నచోట తెల్లక్షరం విడవాలంటే నాలుగు ప్లేట్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట కూర్చోవాలి. కూర్చోలేదు. పైగా ఇంకు పాకి సందులు పూడుకుపోయాయి. ‘కథ’ అన్న చోట థ కడుపులోని చుక్క మూసుకుపోయి ‘కధ’ అయింది. సున్నాలు, గుడులు నిండే మన లిపికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అక్షరాలు కాస్త లావు చేసి, వాటి అంచుల దగ్గర మిగతా మూడు రంగులను కొంచెం వెనక్కి జరిపి, చుట్టూ నలుపు ఒక్కటే ఉండేట్టు చేశారు.

కొత్త ప్లేట్లతో కొట్టిన షీట్లు మర్నాడు పొడిగా విడిపోయాయి. 400 పెట్టిన నాటి నలుపును, 240 పెట్టిన నేటి నలుపును పక్కపక్కన పెట్టి కుర్రాడు చాలాసేపు చూశాడు. కొత్తదే లోతుగా ఉంది. సమంగా ఆరిన ఇంకు కాగితం మీద నున్నగా నిలిచింది. పాతది అలుక్కుపోయి మచ్చలు పడింది.

నీతి

‘క్షేత్రమెరిగి విత్తనం, పాత్రమెరిగి దానం’ అని మన పెద్దలు అన్నారు. ఇచ్చేవాడి దగ్గర ఎంత ఉందన్నది కొలత కాదు, పుచ్చుకునేవాడు ఎంత ఇముడ్చుకోగలడన్నదే కొలత అని ఈ కథ చెబుతుంది. కుర్రాడిలో లోభం లేదు, బద్ధకం లేదు, ఉన్నదంతా పెట్టాడు. కాగితాన్ని మాత్రం అడగలేదు.

పిల్లలకు చదువు చెప్పేవాళ్ళకూ, ఇంటికొచ్చిన చుట్టానికి వడ్డించేవాళ్ళకూ ఇది వర్తిస్తుందని వేరే చెప్పక్కర్లేదు. నాకు మాత్రం ఈ నీతి అచ్చుపనిలోనే అన్నిటికన్నా బలంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ పాత్ర మారిన ప్రతిసారీ దానమూ మారాలి. ఈ పంపకం కొత్తదీ కాదు. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సులో ఒక్కో రంగుకు ఒక్కో అచ్చురాయి ఉండేది. రవివర్మ తైలచిత్రాన్ని చూసి, ఈ రాయి మీద ఇంత, ఆ రాయి మీద అంత అని పంచిన పనివాళ్ళు కంటితోనే రంగుల్ని విడదీశారు. ఆ పంపకం ఇప్పుడు సాఫ్ట్‌వేర్ క్షణంలో చేసి పెడుతుంది. కాగితం ఏదో మాత్రం మనమే చెప్పాలి. చెప్పకపోతే అది తనకు తెలిసిన ఏదో ఒక కాగితాన్ని అనుకుని పంచేస్తుంది. చాలామంది డిజైనర్లు కాగితం సంగతి చెప్పే ఆ సెట్టింగుల పెట్టెను ఒక్కసారైనా తెరవకుండా ఏళ్ళు గడపడం నాకు బాధ కలిగించే సంగతి. అందులో ఉన్నవి నాలుగైదు అంకెలే, కానీ మెషిన్ దగ్గర నిలబడ్డ మనిషి రాత్రి నిద్ర వాటి మీద ఆధారపడి ఉంటుంది.

దసరా సంచిక లోపలి పేజీలే చూడండి. అదే దుర్గమ్మ బొమ్మ మొదటి పేజీలోనూ ఉంది. ముఖచిత్రం ఫైలునే అక్కడా వాడి ఉంటే మళ్ళీ నష్టమే. న్యూస్‌ప్రింట్ 220, 240 దాటితే ఓర్చుకోదు. అది సిరాను పీల్చుకుని చుక్కను వెడల్పు చేస్తుంది. పత్రికల అచ్చుకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే 50 శాతం చుక్క అచ్చులో 76 దాకా పెరుగుతుంది. అందుకని బొమ్మను ముందే పలచగా తయారుచేయాలి, నలుపుకు ఎక్కువ పని అప్పగించాలి, ముఖచిత్రానికి అంగుళానికి 150 గీతల స్క్రీన్ వాడితే ఇక్కడ 100కి మించకూడదు. చీకటికి నలుపు ఒక్కటి, దాని కింద కొంచెం సయాన్ చాలు. చదివే చిన్న అక్షరాలకు నలుపు తప్ప వేరే రంగు అసలు కలపకూడదు.

అప్పటినుంచి సదర్ బజార్ ప్రెస్సులో ఒక పద్ధతి ఏర్పడింది. బొమ్మ మూలప్రతిని స్క్రీన్ రంగులైన ఆర్‌జీబీలోనే, అచ్చు రంగులుగా విడదీయకుండా దాచేవారు. శుభలేఖ అడిగినా, కరపత్రం అడిగినా కుర్రాడు ముందు కాగితం నమూనా తెప్పించి బల్ల మీద పెట్టుకునేవాడు. ఆ కాగితానికి తగ్గట్టు మూలం నుంచి కొత్తగా విడదీసి, ఫైలు పేరులోనే కాగితం పేరూ, మొత్తం సిరా అంకే రాసేవాడు. ప్లేట్లు వేసే ముందు పెద్దాయన ఆ అంకె చదివి, కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, సరే అనేవాడు. ఎక్కువనిపిస్తే ఫైలు వెనక్కి పంపేవాడు, కుర్రాడు మారు మాట్లాడకుండా దిద్దేవాడు.