ఛాయామంత్రి ధర్మం: నందికొండ ఉదాహరణ

అధికారం లేనివారికి బాధ్యత ఉంటుందా? పార్లమెంటరీ వ్యవస్థలో ఛాయామంత్రి పాత్ర లేవనెత్తే నైతిక ప్రశ్న ఇది. బ్రిటన్‌లో ప్రతిపక్షం ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క సభ్యుణ్ణి నియమిస్తుంది. సంబంధిత మంత్రిని సభలో నిలదీయడం, ప్రత్యామ్నాయ విధానం రూపొందించడం ఆ సభ్యుని విధులు. మన దేశంలో 1977 నాటి చట్టం పార్లమెంటులోని ప్రతిపక్ష నాయకులకు జీతభత్యాలు కల్పించింది. ఛాయామంత్రుల ప్రస్తావన అందులో లేదు. అయినా పదవి లేనిచోట కూడా దాని ధర్మం ఉండవచ్చు.

పురాణాల్లోని ఛాయ కథ ఇక్కడ స్మరణీయం. సూర్యతేజాన్ని భరించలేక సంజ్ఞ తన స్థానంలో ఛాయను నిలిపి వెళ్లింది. రూపం సంజ్ఞదే అయినా, ఛాయ తన బిడ్డలను ప్రేమించి సంజ్ఞ బిడ్డలను చిన్నచూపు చూసింది. ఆ పక్షపాతమే ఆమె నిజస్వరూపాన్ని బయటపెట్టింది. మరొకరి స్థానంలో నిలవదలచినవారికి సమదృష్టే పరీక్ష అని ఈ కథ సూచిస్తుంది.

ఆంధ్రదేశ చరిత్రలో ఈ ధర్మానికి దగ్గరి ఉదాహరణ నందికొండ. 1950ల ఆరంభంలో మద్రాసు ప్రభుత్వం కృష్ణా–పెన్నార్ పథకాన్ని తలపెట్టినప్పుడు, వ్యతిరేకించినవారు ‘వద్దు’ అని ఊరుకోలేదు. నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలని కోరారు. ముక్త్యాల రాజా, సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు ఎన్నికైన వావిలాల గోపాలకృష్ణయ్య ఈ ప్రాజెక్టు కోసం కృషి చేసినవారు. ఖోస్లా సంఘం నందికొండకు అనుకూలంగా సిఫారసు చేసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు.

అయితే ప్రత్యామ్నాయానికీ మూల్యముంది. విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కినవారు మునిగిపోయిన లోయ మీదుగానే నాగార్జునకొండకు చేరుకుంటారు. ఇక్ష్వాకుల నాటి కట్టడాలను కొన్నింటిని కొండపైకీ అనుపుకూ తరలించి నిలబెట్టారు. లోయలోని ఊళ్లను ఆ విధంగా తిరిగి నిలబెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఆనకట్టను కోరినవారు దాని ఫలాన్ని తమదిగా, ముంపును ప్రభుత్వానిదిగా చెప్పుకోవడం న్యాయమేనా?

దస్త్రాలూ అధికారులూ అందుబాటులో లేని ప్రతిపక్షంపై ఇంత భారం మోపడం తగదనే ఆక్షేపణ రావచ్చు. అందులో కొంత నిజముంది. సమగ్రమైన అంచనాలను వారి నుంచి ఆశించలేము. కాని తమ ప్రతిపాదన వల్ల ఎవరు నష్టపోతారో దాచకుండా చెప్పడానికి దస్త్రాలు అక్కరలేదు. నష్టపోతున్న రైతుకు ప్రత్యామ్నాయం చూపకుండానే ‘వద్దు’ అనే హక్కు ఉంది. రేపు పాలించగోరేవారికి ఆ వెసులుబాటు లేదు.

కనుక ఛాయామంత్రి విమర్శకు నైతిక బలం చేకూర్చేది ఒక్కటే: తాను కోరిన విధానం అమలైతే అందులో మునిగే ఊరి ముందు నిలబడి, ఇది నేను కోరినదేనని చెప్పగల సంసిద్ధత.