రొట్టె తిన్న తరువాత



మెదక్ కెతీడ్రల్ చూడని క్రైస్తవ కుటుంబం మన ప్రాంతంలో అరుదు. అది మన కతోలిక దేవాలయం కాదు, దక్షిణ ఇండియా సంఘం వారిది. అయినా క్రిస్మసు రోజుల్లో మనవాళ్ళు కూడా పిల్లాపాపలతో వెళ్ళి, 175 అడుగుల ఆ గోపురాన్ని తలెత్తి చూసి, కాసేపు ప్రార్థన చేసుకుని వస్తుంటారు. దాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు వెస్లియన్ మిషనరీ. కరువు కాలంలో ఆకలితో వచ్చిన జనానికి ఆయన ఊరికే దానం చేయలేదు. పని చూపించి తిండి పెట్టారు. ఆ పనే ఈ గుడి. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠ జరుపుకుంది.

ఈ చరిత్ర చెప్పుకున్నప్పుడల్లా వెనక నుంచి ఒక ఎత్తిపొడుపు వినబడుతుంది. "గంజి కోసం దేవుణ్ణి మార్చుకున్నవాళ్ళు" అని. మీరూ వినే ఉంటారు. బడిలో మీ పిల్లలు వినే ఉంటారు. విన్నప్పుడు మనం రెండే పనులు చేస్తాం. "మా తాతలు అలాంటివాళ్ళు కాదు" అని వాదిస్తాం, లేదా తల దించుకుంటాం. నన్నడిగితే రెండూ అనవసరమే. ఆకలిగొన్నవాడు అన్నం దగ్గరికి రావడంలో సిగ్గుపడవలసినది ఏముంది? గోడలోని రాళ్ళను చూసి, ఏ రాయిని భక్తితో మోశారో, ఏ రాయిని ఆకలితో మోశారో ఎవరైనా చెప్పగలరా?

యోహాను సువార్త ఆరవ అధ్యాయం ఒకసారి తీసి చదవండి. అయిదు వేలమంది పురుషులు కడుపునిండా తిన్నారు. మరునాడు పడవలెక్కి ప్రభువును వెతుక్కుంటూ కఫర్నాముకు వచ్చారు. మీరు రొట్టెలు తిని తృప్తి పొందారు గనుకనే నన్ను వెతుకుతున్నారని ఆయన వాళ్ళ ముఖం మీదే చెప్పాడు. ఇక్కడ మనం ఒక సంగతి మరచిపోతుంటాం. వాళ్ళు రొట్టె కోసమే వస్తారని ప్రభువుకు ముందు తెలియదా? తెలిసే పెట్టాడు. అన్నం పెట్టిన తరువాతనే జీవాహారం మాట ఎత్తాడు. ఆ మాట కఠినంగా తోచి చాలామంది వెళ్ళిపోయారు. మీరూ వెళ్ళిపోతారా అని పన్నెండుమందిని అడిగితే, పేతురు తనకంతా అర్థమైందని చెప్పలేదు. పోవడానికి తమకు వేరే చోటు లేదన్నాడు. ఎందుకు వచ్చావన్నదానికన్నా, రొట్టె తిన్న తరువాత ఉన్నావా వెళ్ళావా అన్నదే అక్కడ తేలింది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఈ నెలలో మీరు చేసిన ప్రార్థనలు గుర్తు చేసుకోండి. అమ్మాయి పెళ్ళి, అబ్బాయి ఉద్యోగం, అప్పు, ఆపరేషన్, ఎండిపోతున్న బోరు. మనమూ రొట్టె కోసం పడవ ఎక్కినవాళ్ళమే. అందులో తప్పులేదు. ఏనాటి ఆహారం ఆనాడు అడగమని నేర్పింది ప్రభువే. కాని పరలోక జపంలో ఆ మనవి ఎక్కడుందో చూశారా? అది మధ్యలో ఉంది. దాని వెనువెంటనే క్షమాపణ మాట వస్తుంది, మనం ఇతరులను క్షమించినట్లే అనే షరతుతో సహా. పెదవులు అక్కడిదాకా వెళతాయి. మనం మాత్రం రొట్టె దగ్గరే ఆగిపోతాం.

ప్రతి విచారణలోనూ ఉండే ఒక దృశ్యం చెబుతాను, కోపగించుకోకండి. ఒకే తల్లి బిడ్డలు, అన్నదమ్ములు. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చింది. మాటలు ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. ఇద్దరూ ఆదివారం దివ్యబలిపూజకు వస్తారు. ఒకడు ఈ వరుసలో, ఒకడు ఆ వరుసలో నిలబడి ఒకే పీఠం నుంచి దివ్యసత్ప్రసాదం తీసుకుంటారు. బయటికి వచ్చాక ఎవరి చెప్పులు వాళ్ళు వేసుకుని చెరొక దారిన పోతారు. ఇద్దరికీ జపమాల కంఠతా వచ్చు. ఉపవాసాలూ ఉంటారు. క్రీస్తుకు దగ్గర కావాలంటే ఏం చేయాలి స్వామీ అని గురువుగారిని అడిగేదీ వీళ్ళే! కానుకను పీఠం ముందు విడిచి, ముందు వెళ్ళి సోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు. ఈ ఒక్క మాట చాలా కష్టం. ఇంకో నవదిన ప్రార్థన మొదలుపెట్టడం దానికన్నా తేలిక.

పవిత్రత గురువులకు, మఠకన్యలకు మాత్రమే కాదు, అందరికీ అని రెండవ వాటికన్ మహాసభ 1964లోనే చెప్పింది. ఆ మాట మన ఇళ్ళలోకి ఇంకా పూర్తిగా రాలేదు. పునీత చిన్న తెరేసమ్మ సంగతి చూడండి. మఠంలో బట్టలు ఉతికేటప్పుడు ఎదురుగా ఉన్న సోదరి ఆమె ముఖం మీద మురికినీళ్ళు చిందించేది. వెనక్కి జరిగి ముఖం తుడుచుకోవాలని ఆమెకూ అనిపించింది. ఆ కోరికను అణచుకుంది. అంతే, జరిగిందింతే. 24 ఏళ్ళకే కన్నుమూసిన ఆమెను 1997లో రెండవ జాన్ పాల్ పాపుగారు శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. మన ఇళ్ళలో చాకిరేవు అక్కరలేదు, వంటిల్లు చాలు. మంచంపట్టిన అత్తగారు మూడోసారి పిలిచినప్పుడు కోడలు ఏ ముఖంతో వెళుతుందన్నది, మొగుడు ఆమెను కూర్చోబెట్టి తాను లేస్తాడా లేదా అన్నది, సాయంత్రం జపమాల ఎంత గట్టిగా చెప్పారన్నదానికి తక్కువ సంగతి కాదు. (ఆ రెండోది మగవాళ్ళు కాస్త నెమ్మదిగా చదవాలని మనవి.)

మెదక్ గుడిలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ప్రభువు జననం, సిలువ మరణం, ఆరోహణం. పగలు బయట నిలబడి చూస్తే నల్లగా మసకబారిన అద్దాలే కనబడతాయి, బొమ్మ తెలియదు. లోపలికి వెళితే తెలుస్తుంది. లోపలున్నా పొద్దు గుంకితే మళ్ళీ ఏమీ కనబడదు. రోజూ కొత్త వెలుగు రావలసిందే. నిన్నటి వెలుగు ఇవాళ్టికి పనికిరాదు.

ఈ క్రిస్మసుకు మీరు కుటుంబంతో మెదక్ బస్సు ఎక్కుతారేమో. బస్‌స్టాండుకు పోయే దారి మీ అన్న ఇంటి ముందు నుంచే అయితే, ఒక పావుగంట ముందుగా బయలుదేరండి. పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళండి. పెదనాన్న ఇంటి గడప వాళ్ళు ఎక్కి ఎన్నాళ్ళయిందో.