రుజువు బాధ్యత ఎవరిది?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ, అశోక్‌నగర్ గల్లీల్లోని హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే యువతకు ఈ మధ్య ఏం జరిగిందో తెలియనివారు లేరు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాలు లీకయ్యాయని తేలాక 2023 మార్చిలో ఆ పరీక్షను రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. అంటే 2023లో తెలంగాణలో గ్రూప్-1 ఉద్యోగం ఒక్కరికి కూడా రాలేదు. 2022 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఎవరైనా ఒక అభ్యర్థి తల మీద చేయి పెట్టి, వచ్చే ఏడాది నువ్వు గ్రూప్-1 ఆఫీసరువి అవుతావని ప్రభువు పేరున చెప్పి ఉంటే ఆ మాట తప్పింది. దీనికి రెండో అర్థం లేదు. ఒకడు ప్రభువు పేరున చెప్పింది జరగకపోతే అది ప్రభువు చెప్పింది కాదని, అతనికి భయపడనక్కర్లేదని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చెబుతుంది. ఇంత సూటైన కొలత చేతిలో ఉండి కూడా మన సంఘాలు దాన్ని దాదాపు ఎన్నడూ వాడవు. మాట తప్పినప్పుడు చెప్పినవారిని ఎవరూ ఏమీ అడగరు. విన్నవారినే అడుగుతారు: విశ్వాసం తగ్గిందా, ఉపవాసం సరిగ్గా ఉన్నావా, కానుక మొక్కుకుని తీర్చలేదా అని.

ఈ తలకిందుల వ్యవహారమే అసలు సమస్య అని నా వాదన. ప్రవచన వరం నేడు ఉందా లేదా అన్నది పెద్ద చర్చే, దాని జోలికి తర్వాత వస్తాను. కానీ ఉందని నమ్మేవారు కూడా ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. మేలు జరుగుతుందని చెప్పే ప్రవక్త మీదే రుజువు భారం ఉంటుందని, ఆ రుజువు వచ్చేదాకా వినేవాడికి నమ్మాల్సిన బాధ్యత లేదని బైబిలే చెబుతోంది. యిర్మీయా 28వ అధ్యాయం మొత్తం దీని గురించే. సిద్కియా రాజ్యకాలంలో గిబియోనువాడైన హనన్యా యెరూషలేము మందిరంలో యాజకుల ఎదుట, ప్రజలందరి ఎదుట నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుందని, కొల్లగొట్టిన మందిర పాత్రలూ చెరపట్టిన రాజూ తిరిగి వస్తారని ప్రకటించాడు. యిర్మీయా మెడ మీది కొయ్య కాడిని తీసి విరగ్గొట్టి చూపాడు కూడా. యిర్మీయా ఇచ్చిన జవాబు గమనించదగ్గది. అతడు వెంటనే అబద్ధమని అరవలేదు. ఆమేన్, నువ్వన్నట్టే జరగాలనే నా కోరిక కూడా అన్నాడు. ఆ తర్వాత, పూర్వపు ప్రవక్తలు యుద్ధం గురించీ కీడు గురించీ చెప్పారని, క్షేమం చెప్పే ప్రవక్త సంగతి మాత్రం ఆ మాట నెరవేరినప్పుడే తేలుతుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఎందుకీ తేడా? కీడు చెప్పినవాడికి లాభం లేదు, రాజు దగ్గర దెబ్బలూ సంకెళ్లూ తప్ప. మేలు చెప్పినవాడికి మొదటి రోజు నుంచే లాభం: చప్పట్లు, జనం, గౌరవం. కాబట్టి అనుమానించడానికి కారణం ముందే ఉన్నది అతని విషయంలోనే. హనన్యా కనీసం రెండేళ్లని గడువు చెప్పాడు. మాట పట్టుబడేంత స్పష్టంగా చెప్పే ధైర్యం అతనికుంది. నేటి వేదికల మీద వినపడే చాలా మాటలకు ఆ గడువు కూడా ఉండదు. త్వరలో ఒక తలుపు తెరుచుకుంటుంది, ఒక గొప్ప మార్పు రాబోతోంది, ఈ హాలులో మోకాళ్ల నొప్పితో ఉన్న ఒక తల్లిని ప్రభువు ముడుతున్నాడు. ఇలాంటివి తప్పే వీలే లేని మాటలు. తప్పే వీలు లేని మాటకు నెరవేరడమన్నదీ లేదు.

హనన్యా మాట వల్ల నష్టమేమిటి, జనానికి కాస్త ధైర్యం వచ్చింది కదా అనిపించవచ్చు. దాని పక్క అధ్యాయం చదివితే నష్టం తెలుస్తుంది. చెరలో ఉన్నవారికి యిర్మీయా ఉత్తరం రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, ఇది డెబ్బై ఏళ్ల సంగతి అని. రెండేళ్లలో తిరిగి వెళ్లిపోతామని నమ్మినవాడు ఇల్లు కట్టడు, చెట్టు నాటడు. ఈ ఏడాదే ఉద్యోగం అన్న మాటను దేవుని మాటగా తీసుకున్న అభ్యర్థి చిన్నదో పెద్దదో చేతికొచ్చిన ప్రైవేటు కొలువు వదులుకుంటాడు, ఊళ్లో తండ్రి మరో అప్పు చేస్తాడు, చెల్లెలి పెళ్లి వాయిదా పడుతుంది. బీపీ మాత్రలు మానేయమని చెప్పిన ప్రవచనం ప్రాణం మీదికే తెస్తుంది. ఓదార్పు మాటే కదా అని వదిలేయలేకపోవడానికి కారణం ఇదే.

కొన్ని నెరవేరుతున్నాయి కదా, సాక్ష్యాలు చెబుతున్నారు కదా అన్నది మొదటి అభ్యంతరం. వెయ్యిమంది అభ్యర్థులకు ఒకే మాట చెబితే కొందరికి ఉద్యోగం రాక మానదు. వాళ్లు మైకు దగ్గరికి వచ్చి సాక్ష్యం చెబుతారు, ఆ వీడియో ఊరంతా తిరుగుతుంది. రానివారు సిగ్గుతో ఆ సంఘానికే రావడం మానేస్తారు. వాళ్ల సాక్ష్యానికి మైకు లేదు. పేర్లూ ఫోన్ నంబర్లూ ఇంటి సంగతులూ చెప్పడం ఇంకో రకం. 1986లో అమెరికాలో పీటర్ పోపాఫ్ అనే బోధకుడు సభలో ఎన్నడూ చూడనివారి జబ్బులూ చిరునామాలూ చెబుతుంటే, జేమ్స్ రాండి అనే ఇంద్రజాలికుడు రేడియో రిసీవరుతో విని బయటపెట్టాడు. అంతకుముందే జనం రాసిచ్చిన ప్రార్థన చీటీల్లోని వివరాలను తెర వెనక నుంచి పోపాఫ్ భార్య అతని చెవిలోని పరికరానికి చదివి వినిపించేది. ప్రతి ప్రవక్తా అలాంటివాడని నేననను. తెలియని సంగతి చెప్పడం ఒక్కటే దైవత్వానికి గుర్తు కాదని మాత్రం అంటాను. ఈ మాట ముందు అన్నది మోషే ధర్మశాస్త్రమే. ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయం ప్రకారం సూచక క్రియ నిజంగా జరిగినా, ఆ చెప్పినవాడు ప్రజల్ని దేవుని నుంచి పక్కకు తిప్పితే వినకూడదు. అంటే నెరవేరకపోతే అబద్ధమని తేల్చవచ్చు గానీ, నెరవేరినంత మాత్రాన నిజమని తేల్చలేం.

అలాంటప్పుడు దేన్ని చూడాలి? ఆ మనిషి బతుకునీ, ఆ మాట వల్ల ఎవరికి లాభం కలుగుతోందో దాన్నీ. నోట్లో ఏదో ఒకటి పెట్టినవారికి సమాధానం పలికి, పెట్టనివారి మీద యుద్ధం ప్రకటించే ప్రవక్తలను మీకా దుమ్మెత్తిపోశాడు. అపొస్తలుల తరువాతి తరాలవారు రాసుకున్న దిదఖే అనే చిన్న పుస్తకం మరీ నిక్కచ్చిగా ఉంటుంది: ఆత్మవశుడినని చెబుతూ డబ్బడిగేవాడు, మూడు రోజులు తిష్ఠ వేసేవాడు అబద్ధ ప్రవక్త. అంత తొలినాళ్లలోనే ఈ కొలతలు రాసుకోవలసి వచ్చిందంటే అబద్ధ ప్రవచనం యూట్యూబ్ తెచ్చిన కొత్త జబ్బు కాదు. కొలిచే అలవాటు పోవడమే కొత్త.

ఆ అలవాటు ఎలా ఉండేదో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు. గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గరి హెబ్రోనులో 2000 సెప్టెంబరు 17న కన్నుమూసి, నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో సమాధి అయిన భక్తసింగ్ గారు ప్రతి అడుగుకూ దేవుని చిత్తం కోసం కనిపెట్టిన మనిషి. నాకు ప్రభువు చూపాడు అని ఆయన కూడా అనేవారు. మరి ఆయనకూ నేటి వేదికల ప్రవక్తకూ తేడా ఏమిటి? జీతం తీసుకోలేదు, డబ్బు కోసం బహిరంగంగా విజ్ఞప్తి చేయలేదు. తనకు దొరికిన నడిపింపు మూల్యాన్ని తానే చెల్లించారు. సంఘాల్లో ఒక్క మనిషి పెత్తనం కాక పెద్దల సమూహం ఉండాలని నేర్పారు. ఇంకా పాత ఉదాహరణ ముంగమూరి దేవదాసు అయ్యగారిది. 1938 జనవరి 31న రాజమండ్రిలో తనకు బంగారు అక్షరాల్లో బైబిలు మిషను అన్న పేరు కనిపించిందని చెప్పి, లూథరన్ సంఘం నుంచి బయటికొచ్చిన మనిషి ఆయన. ఆ దర్శనాన్ని అంగీకరించనివారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ ఆయన బోధలో ఒకటి నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. దేవుని సన్నిధిలో కనిపెట్టి, నీకే కనబడమని, నీతోనే మాట్లాడమని అడుగు, తెలుసుకో అని సామాన్య విశ్వాసికి నేర్పారు. వినేవాడిని తన కాళ్ల మీద నిలబెట్టే ప్రవచనానికీ, వచ్చే శుక్రవారం మళ్లీ నా దగ్గరికే రా అనే ప్రవచనానికీ మధ్య చాలా దూరం ఉంది.

పరీక్షించడమంటే అభిషిక్తుని ముట్టడం కాదా అన్నది తరచూ వినే హెచ్చరిక. 105వ కీర్తనలో ఆ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు హాని చేయవద్దని పరదేశపు రాజులకు చెప్పింది. బోధకుడిని ప్రశ్నించవద్దని విశ్వాసులకు చెప్పింది కాదు. అభిషిక్తుడైన దావీదు ముఖం మీదే ఆ మనిషివి నువ్వేనన్నాడు నాతాను. అభిషిక్తుడైన పేతురును అందరి ఎదుట నిలదీశాడు పౌలు. తీర్పు తీర్చవద్దన్న మాట మత్తయి 7వ అధ్యాయం మొదట్లో ఉంటే, అబద్ధ ప్రవక్తల విషయమై జాగ్రత్తపడమన్న మాట అదే అధ్యాయంలో ఉంది. ప్రవచనాన్ని తృణీకరించవద్దని థెస్సలొనీకయులకు రాసిన పౌలు, ఆ వెంటనే అన్నిటినీ పరీక్షించమన్నాడు.

వీటికంటే బలమైన అభ్యంతరం యోనాది. నలభై రోజుల్లో నీనెవె నాశనమన్నాడు, కాలేదు. అయినా అతడు అబద్ధ ప్రవక్త కాదు. నిజమే. జనం మారితే దేవుడు తన మాట మార్చుకుంటాడని యిర్మీయా 18వ అధ్యాయం చెబుతుంది, వాగ్దానానికీ అది వర్తిస్తుందని కూడా. అయితే యోనా చెప్పింది హెచ్చరిక, అది తప్పడం వినేవారికి దక్కిన కరుణ. ఉద్యోగం వస్తుందన్న మాట తప్పితే దక్కేది కరుణ కాదు, నింద. షరతు ఉంటే ముందే చెప్పాలి. ఫలితం వచ్చాక షరతు వెతికితే అది తప్పించుకోవడమే. కొత్త నిబంధన ప్రవచనంలో పొరపాటుకు తావుందని వేన్ గ్రూడెం వంటి వేదాంతులు వాదిస్తారు. సరే, అలాగైతే ప్రభువు సెలవిస్తున్నాడని గర్జించే హక్కు ఎవరికీ ఉండదు, నాకిలా అనిపిస్తోంది, మీరు తూచి చూడండి అనే చెప్పాలి. ఇక వరాలన్నీ అపొస్తలులతోనే ఆగిపోయాయనేవారికి పని తేలికయినట్టు కనిపిస్తుంది. కానీ ఆ సంఘాల్లోనూ ప్రభువు నాకీ భారం ఇచ్చాడు అన్న మాటతో స్థలాలు కొంటారు, పెళ్లి సంబంధాలు ఖాయం చేస్తారు. పేరు మారినా పరీక్ష అవసరం మారదు.

తప్పినప్పుడు ఏం చేయాలో కూడా ఒక ఉదాహరణ ఉంది. 2020 ఎన్నికల్లో ట్రంప్ గెలుస్తాడని అమెరికాలో చాలామంది ప్రవక్తలు ప్రకటించారు. గెలవలేదు. 2021 జనవరిలో జెరెమయా జాన్సన్ అనే యువ బోధకుడు తప్పు చెప్పానని బహిరంగంగా క్షమాపణ కోరాడు. దానికి అతని మీద విరుచుకుపడింది బయటివారు కాదు, అతని అనుచరులే. ఆ ఏప్రిల్‌లో అక్కడి కొందరు నాయకులు ప్రవచన ప్రమాణాల పేరుతో ఒక ప్రకటన చేసి, తప్పిన ప్రవచనాన్ని ప్రవక్త బహిరంగంగానే ఒప్పుకోవాలన్నారు. మన దగ్గర అలాంటి క్షమాపణ వినపడకపోవడానికి బోధకుల గర్వం ఒక్కటే కారణం కాదు. వినడానికి మనం సిద్ధంగా లేకపోవడం కూడా.

ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో మాట్లాడాలి, తక్కినవారు వివేచించాలి అన్నాడు పౌలు కొరింథీయులతో. ఒకే వేదిక, ఒకే మైకు, కింద వేలమంది చేతులెత్తి ఆమేన్ అంటున్నచోట ఆ తక్కినవారు ఎవరు? ఆ స్థానాన్ని మళ్లీ ఏర్పాటు చేయడం కష్టమైన పని కాదు. సంఘంలో ముగ్గురు పెద్దలు, బోధకుడి బంధువులు కానివారు, ఒక రిజిస్టరు పెట్టాలి. ప్రభువు పేరున ఎవరికి ఏం చెప్పారో, తేదీ వేసి, ఆ వ్యక్తి ఒప్పుకుంటే రాయాలి. డిసెంబరు 31 రాత్రి కొత్త వాగ్దాన కార్డులు పంచే ముందు, పేర్లు చెప్పకుండా, ఆ పుస్తకాన్ని సంఘం ఎదుట చదవాలి: ఇవి జరిగాయి, ఇవి జరగలేదు అని. జరగనివాటికి చెప్పినవారు జవాబివ్వాలి, విన్నవారు కాదు. దీనికి ఒప్పుకోని బోధకుడి మాట నెరవేరుతుందో లేదో చూడటానికి సంవత్సరం ఆగనక్కర్లేదు.