చేసింది ఎవరు?



1990 డిసెంబరు 1న అమెరికాలో ఏ.బి.సి. టెలివిజన్ ప్రసారం చేసిన ఒక సీరియల్ భాగాన్ని గూర్చి ఈ వారం మీతో మాట్లాడాలనుకుంటున్నాను. సీరియల్ పేరు 'ట్విన్ పీక్స్'. దాన్ని సృష్టించిన ఇద్దరిలో ఒకరైన డేవిడ్ లించ్ 2025 జనవరిలో కన్నుమూశారు. ఇది పిల్లలతో కలిసి కూర్చుని చూడదగిన కథ కాదని ముందే చెబుతున్నాను.

కెనడా సరిహద్దుకు దగ్గరలో ఒక చిన్న ఊరు. లారా పామర్ అనే హైస్కూలు విద్యార్థిని హత్యకు గురవుతుంది. తండ్రి లీలండ్ లాయరు, ఊళ్ళో పరువుగల మనిషి. కూతురు పోయిన దుఃఖంలో మతి చలించినవానిలా తిరుగుతాడు. ఒక్క రాత్రిలో జుట్టంతా తెల్లబడుతుంది. చూసేవారికి జాలి వేస్తుంది. తీరా హంతకుడు అతడే! అయితే కథలో ఒక మెలిక ఉంది: బాబ్ అనే దుష్టాత్మ అతనిలో కాపురముంటోంది.

ఆ డిసెంబరు భాగంలో, పోలీసులు గదిలో బంధించిన లీలండ్ తలను బాదుకుంటాడు. బాబ్ అతణ్ణి విడిచిపోతాడు. పైకప్పు గొట్టాలనుండి నీళ్ళు కురుస్తుండగా ఎఫ్.బి.ఐ. అధికారి కూపర్ ఆ చావబోతున్న మనిషి తల పట్టుకుని కూర్చుంటాడు. అప్పుడు లీలండ్ నోట వచ్చే మొదటి మాట, బిడ్డను చంపింది తానేనని. తనను క్షమించమని అడుగుతాడు. ఆ తర్వాతనే, పసితనంలో బాబ్‌ను లోనికి రానిచ్చానని, వాడు లోపల ఉన్నప్పుడు తనకు తెలియలేదని, చేయించింది వాళ్ళేనని అంటాడు.

ఒకే నోట రెండు మాటలు. ఏది నిజం?

పునీత అగస్టీనుగారు యౌవనంలో సుమారు తొమ్మిదేళ్ళు మానీ మతస్థుల వెంట తిరిగారు. పాపం చేసేది నేను కాదు, నాలోని వేరొక స్వభావం అనే వారి బోధ తన గర్వానికి ఎంత తియ్యగా ఉండేదో తర్వాత ఆయనే రాసుకున్నారు. ఆ తీపి మనకూ తెలుసు. "తాగినప్పుడు ఆయన మనిషి కాదు ఫాదర్, మందు అలా చేయిస్తుంది" అనే మాట ఏ విచారణలో వినబడదు?

అలాగని ఆ మాటలో నిజం బొత్తిగా లేదనను. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం 1735వ సంఖ్యలో అజ్ఞానం, భయం, బలవంతం, అలవాటు మొదలైనవి మనిషి బాధ్యతను తగ్గించవచ్చునని, ఒక్కోసారి లేకుండా చేయవచ్చునని చెబుతుంది. ఏమీ ఎరుగని బాలుని దగ్గరకు బాబ్ వచ్చాడంటే అది ఆ బాలుని పాపం కాదు. చిన్నతనంలో హింసకు గురైనవారు దీన్ని గట్టిగా పట్టుకోవాలి. కాని తప్పు బరువు ఎంత అన్నది ఒక ప్రశ్న, ఆ పని ఎవరిది అన్నది మరో ప్రశ్న. మొదటిది తూచవలసింది దేవుడు. రెండవదానికి లీలండ్ జవాబు చెప్పేశాడు. ఇంకొకడు చేసినదానికి ఎవరైనా క్షమాపణ అడుగుతారా? ఇన్ని భాగాల్లో పాడి, ఆడి, ఏడ్చిన ఆ పాత్ర నిజంగా మనిషైంది అక్కడేనని నా అభిప్రాయం.

క్షమాపణ అడిగాడు గదా అని బిడ్డను మళ్ళీ అదే ఇంటికి పంపడం మాత్రం కరుణ కాదు. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై అఘాయిత్యం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. "ఇంటి గుట్టు" అనే మాట అక్కడ చెల్లదు.

లీలండ్ చనిపోయాక నలుగురు అడవిలో నిలబడి మాట్లాడుకుంటారు. దుష్టాత్మ కథ నమ్మలేనంటాడు షెరీఫ్. ఒక తండ్రి సొంత బిడ్డకు ఇలా చేశాడని నమ్మడం తేలికా అని అడుగుతాడు కూపర్. మనుషులు చేసే చెడుకే బాబ్ అని పేరేమో అంటాడు మరొకడు.

నాకు మాత్రం అంతకుముందు వచ్చిన లారా సమాధి కార్యక్రమమే ఎక్కువగా గుర్తుంటుంది. ఆమె స్నేహితుడు బాబీ అక్కడ చేరిన పెద్దమనుషులందరి మీదా అరుస్తాడు: ఆ పిల్ల ఆపదలో ఉందని మీకందరికీ తెలుసు, ఎవరూ ఏమీ చేయలేదు అని. గురువు అక్కడే ఉన్నాడు.