ఆరుగురి తరఫున ఒకరు

స్టాటిస్టిక్స్ చెప్పే ఒక మేడమ్ తన ఇద్దరు శిష్యులకు ఒకే డేటా ఇచ్చింది. ఈ కథలో మనుషులు కల్పితం, అంకెలు నిజం. చిన్నపిల్లల కిడ్నీలో పుట్టే విల్మ్స్ క్యాన్సర్ మీద అమెరికాలో జరిగిన జాతీయ అధ్యయనం నుంచి వచ్చినవి. మొత్తం 4,028 మంది పిల్లలు. 571 మందికి జబ్బు తిరగబెట్టింది.

కణితి రకం తేల్చడానికి దాని ముక్కను కేంద్ర ల్యాబులో నిపుణులు మళ్లీ పరీక్షించాలంటే ఖర్చు. అందరివీ చూడలేమనుకుందాం. అప్పుడు లాటరీ తీసినట్టు 668 మందిని ఎంచి, జబ్బు తిరగబెట్టినవాళ్లలో మిగిలిన 486 మందినీ కలుపుకుంటే చాలు. 1986లో ప్రెంటిస్ ప్రతిపాదించిన కేస్-కోహార్ట్ పద్ధతి ఇదే. శిష్యుల చేతికొచ్చింది ఆ 1,154 మంది వివరాలు.

పెద్దవాడు వాటిని ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్‌కి ఇచ్చేశాడు. జబ్బు తిరగబెట్టనివాళ్ల వాటా చూపే సర్వైవల్ కర్వ్ సగం దాకా జారింది.

"మేడమ్, ఇద్దరిలో ఒకరికి తిరగబెడుతోంది!"

"ఈ గీత ఒక తల్లి కంట పడితే ఏమవుతుంది నాయనా? 4,028లో 571 అంటే 14 శాతమే కదా. జబ్బు తిరగబెట్టనివాళ్లు అసలు 3,457 మంది. నీ ఫైల్లో ఉన్నది 583 మంది. ఒక్కొక్కరూ దాదాపు ఆరుగురి తరఫున నిలబడ్డారు. వాళ్లకి 5.93 వెయిట్ ఇవ్వు. తిరగబెట్టినవాళ్లు అందరూ ఉన్నారు కాబట్టి వాళ్లకి 1 చాలు."

చిన్నమ్మాయి ఆ వెయిట్లతోనే కాక్స్ రిగ్రెషన్ చేసింది. కణితి రకం మంచిదైతే ఎలా ఉంటుంది, చెడ్డదైతే ఎలా ఉంటుంది అన్నది, వయసు, స్టేజీల తేడా అడ్డురాకుండా చూపాలి. 'సగటు బిడ్డ'కి గీత గీయలేదు. రెండుంపావు స్టేజీలో ఉన్న బిడ్డ ఎక్కడా ఉండదని ఆమెకు తెలుసు. ప్రతి బిడ్డకీ రెండు గీతలు లెక్కగట్టి, ఒక్కో రకానికి 1,154 గీతల సగటు తీసింది. చక్కని పని. మేడమ్ మాత్రం చాలాసేపు చూసి, "రెండు గీతలూ కిందికున్నాయమ్మా" అంది.

"వెయిట్లు వేశానుగా మేడమ్?"

"మోడల్‌కి వేశావు, సగటుకి వేయలేదు. నీ 1,154 మందిలో సగం మంది జబ్బు తిరగబెట్టినవాళ్లు. ముదిరిన స్టేజీవాళ్లు వాళ్లలోనే ఎక్కువ. అంత జబ్బుతో ఉన్న గుంపు మీద సగటు తీస్తే గీత కిందికి రాక ఏం చేస్తుంది?"

అమ్మాయి అవే వెయిట్లతో సగటు మళ్లీ తీసింది. రెండు గీతలూ పైకి లేచాయి.

నీతి: ఫైల్లో లేనివాళ్లకీ గీతలో వాటా ఉంది, ఆ వాటా లెక్క చివరిదాకా అందాలి. కాక్స్ మోడల్ గుణకాలు కట్టేటప్పుడు, దాని బేస్‌లైన్ హజార్డ్ లెక్కించేటప్పుడు, గీతల సగటు తీసేటప్పుడు, మూడుచోట్లా అవే వెయిట్లు వెయ్యాలి. మొదటి రెండింటితో ఆగిపోవడం తేలిక, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ మామూలుగా తనంతట చూసుకునేది అంతవరకే. మూడోది మనమే చూసుకోవాలి. గీత చుట్టూ వేసే కాన్ఫిడెన్స్ బ్యాండ్‌కి రోబస్ట్ వేరియన్స్ వాడాలి. లేకపోతే 583 మందిని కంప్యూటర్ నిజంగానే 3,457 మందిగా లెక్కపెట్టి, మనకు లేని నమ్మకాన్ని బొమ్మలో చూపిస్తుంది.